చివరి పదహారు పేజీలు

జూన్ 3, శనివారం. సాయంత్రం 6:30

లైబ్రరీ ఆంటీ ఇవాళ బాంబు పేల్చింది. పిల్లల గదికి కొత్తగా ఇరవై పుస్తకాలు కొంటారట. ఏవి కొనాలో పెద్దవాళ్ళు చెప్పరట, మాలోంచి ఒకళ్ళు లిస్ట్ రాసివ్వాలట. ఎవరు రాయాలన్నది ఇరవై నాలుగో తారీఖు మీటింగులో, అందరి అమ్మానాన్నల ముందు చెప్తుందట.

ఇంకెవరు? నేనే.

ఇది గొప్పలు చెప్పుకోవడం కాదు. మా గదిలో ప్రతి పుస్తకానికీ వెనకట్ట లోపలివైపు అభిప్రాయం చీటీలు అంటిస్తాం. చదివినవాళ్ళు ఏమనుకున్నారో రాసి కింద మారుపేరు పెట్టాలి. సొంత పేరైతే మొహమాటపడి అన్నీ బావున్నాయని రాస్తామని ఆంటీ పెట్టిన రూలు. నా చీటీలు అరవై ఒకటి. మారుపేరు 'జడ్జిగారు'. సూపర్‌గాడివి డెబ్భై ఉన్నాయి కానీ వాడిని లెక్కలో వేసుకోనక్కర్లేదు. ప్రతి చీటీ మీదా 'సూపర్' అని ఒక్క మాటే రాస్తాడు. వాడి పేరు కూడా అలా వచ్చిందే. ఇక రుమాలు ఉంది. ఆవిడగారు ఏడుపొస్తేనే మార్కులేస్తుంది. ఒక రుమాలు, రెండు రుమాళ్ళు, అలా. నవ్వించిన పుస్తకాలకి సున్నా.

ఆ లిస్ట్ నాకెందుకు కావాలంటే, మా గదిలో ఉన్నవన్నీ పదేళ్ళ లోపు వాళ్ళవే. కుందేలు అబద్ధం చెప్పకూడదని నేర్చుకుంటుంది. ఎలుగుబంటి పళ్ళు తోముకుంటుంది. అసలు ఈ జంతువులన్నింటికీ మనకి బుద్ధులు చెప్పే పని ఎవరు అప్పజెప్పారు? సరే, అవి దాటితే తిన్నగా పెద్దవాళ్ళ హాలే. అక్కడికి వెళ్ళాలంటే పద్దెనిమిది నిండాలి. మరి పదమూడేళ్ళ మనిషి ఐదేళ్ళపాటు ఏం చదవాలి, గోడలా? ఆ ఇరవైలో పదిహేను మా వయసువే తెప్పిస్తా. పేర్లు కూడా రాసేసుకున్నా.

జూన్ 4, ఆదివారం

పదిహేను కాదు, పద్దెనిమిది. చిన్నపిల్లలకి రెండు చాలు.

జూన్ 7, బుధవారం

లిస్ట్ కావాలనుకునేవాళ్ళు ఇరవై నాలుగున తమ బెస్ట్ చీటీ ఒకటి చదివి, దాని గురించి ఐదు నిమిషాలు మాట్లాడాలట. నాకైతే ఆలోచించే పనే లేదు. 'మూడో అంతస్తు తాళం'.

నూట నలభై నాలుగు పేజీల నవల. ఒక అమ్మాయి వాళ్ళింట్లో మూడో అంతస్తు గదికి ఎప్పుడూ తాళం. లోపల్నించి టకటకమని చప్పుడు. ఇంట్లో అడిగితే ఎలకలంటారు. ఎలకలు మధ్యాహ్నం రెండు నించి నాలుగు దాకా టైం ప్రకారం చప్పుడు చేస్తాయా? అని ఆ పిల్ల తాళంచెవి కొట్టేస్తుంది. నూట ఇరవై ఎనిమిదో పేజీ చివర్లో తలుపు తోస్తుంది. "లోపల" అని పేజీ అయిపోతుంది. పక్క పేజీ మొదట్లో, "బంతే! గ్రౌండంతా లేచి నిలబడి అరుస్తోంది."

అమ్మ బాబోయ్. మొదటిసారి చదివినప్పుడు నా బుర్ర తిరిగిపోయింది. గది లోపల గ్రౌండ్! ఆ పిల్ల ఇక కనబడదు. దాని బదులు ఒక గోల్‌కీపర్ కుర్రాడు బంతి పట్టుకుని ఏడుస్తుంటాడు, టీమంతా వాడిని భుజాలమీదకెత్తుకుంటుంది. ఎవరు, ఏమిటి, ఒక్క ముక్క వివరించడు రచయిత. అదీ దమ్మంటే.

నా చీటీ ఇక్కడ కూడా రాసిపెట్టుకుంటా: "తలుపు వెనక గది ఉంటుందనుకున్నాం, గ్రౌండ్ ఉంది. మనం తెరవడానికి భయపడే ప్రతి తలుపు వెనకా మనకోసం చప్పట్లు కొట్టేవాళ్ళు ఉంటారు. ఇంత ధైర్యమైన క్లైమాక్స్ ఏ పిల్లల నవల్లోనూ చదవలేదు. అర్థం కాకపోతే మళ్ళీ చదవండి. 10/10. జడ్జిగారు."

ఆ చీటీ చూసి పదకొండుమంది ఆ పుస్తకం తీసుకెళ్ళారు. అందరూ బావుందన్నారు. రుమాలు మూడు రుమాళ్ళు ఇచ్చింది. ఆంటీ అయితే నా చీటీని పెద్ద అక్షరాలతో రాయించి బోర్డుకి పెట్టింది.

జూన్ 10, శనివారం. సాయంత్రం 5

హాఫ్‌టికెట్‌తో గొడవ.

హాఫ్‌టికెట్ అంటే మా ఎదురింటి పిల్ల. తొమ్మిదేళ్ళు, చూడ్డానికి ఆరేళ్ళలా ఉంటుంది, బస్సులో కండక్టర్ ఏమీ అడక్కుండానే సగం టికెట్ చింపి ఇచ్చేస్తాడు. దానికో జబ్బుంది. ఏ పుస్తకమైనా చివరి పేజీ ముందు చదువుతుంది. అది నచ్చితేనే మొదటి పేజీకి వస్తుంది. నాలాంటి మనిషికి ఇది కళ్ళారా చూడటం ఎంత కష్టమో ఎవరికి చెప్పుకోను?

చీటీలు అంటించే ముందు బూతులూ చెత్తా లేకుండా చూసే డ్యూటీ నాది. ఇవాళ అది 'మూడో అంతస్తు తాళం'కి చీటీ తెచ్చింది. కత్తిరించిన సన్నని కాగితం ముక్క మీద పెన్సిల్‌తో: "చివర్లో ఫుట్‌బాల్ ఉందని తీసుకున్నా. ముందంతా వెతికా. ఎక్కడా ఫుట్‌బాల్ లేదు. దీని చివర దీనిది కాదు. మోసం. హాఫ్‌టికెట్."

అంటించనన్నాను. వెనకనించి చదివేవాళ్ళకి అభిప్రాయం చెప్పే హక్కు లేదన్నాను. గ్రౌండ్ అంటే నిజం గ్రౌండ్ కాదు, అదొక ఫీలింగ్ అని విడమర్చి చెప్పాను కూడా. అది శ్రద్ధగా విని, మరి బంతి కూడా ఫీలింగేనా అని అడిగింది. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండి, ఇకనించి మొదటినించి చదివినవాళ్ళ చీటీలే అంటిస్తాం, ఇది రూలు అని ప్రకటించేశాను. సూపర్‌గాడు వెంటనే సూపర్ అన్నాడు.

సాయంత్రం 7

హాఫ్‌టికెట్ ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఓదార్చి వదిలేసేదాన్ని. సరేనని తలూపి, బల్ల కింద కూర్చుని ఇంకేదో పుస్తకం చివరి పేజీ చదువుకుంది. చీటీ నా చేతిలోనే మిగిలిపోయింది. పారేద్దామనుకుని డైరీలో పెట్టాను. ఎందుకో తెలీదు.

జూన్ 13, మంగళవారం

సూపర్‌గాడు బడినించి వస్తూ దార్లో ఒక మాటన్నాడు. 'గోల్‌కీపర్ సెలవు చీటీ' కూడా చదవమన్నాడు. అది కూడా సూపరేనట. మ్యాచ్ అంటే వణుకు కాబట్టి ప్రతిసారీ సెలవు చీటీ రాసే గోల్‌కీపర్ కథట. చివర్లో బంతి కోసం కళ్ళు మూసుకుని చేతులు చాపితే చేతికి టైపు మిషను తగులుతుందట.

పగలబడి నవ్వాను. టైపు మిషనేంట్రా అన్నాను. ఏమో, అలాగే ఉంది, సూపర్‌గా ఉంది అన్నాడు.

ఇంటికొచ్చాక నవ్వు ఆగిపోయింది. టైపు మిషను. టకటక.

జూన్ 14, బుధవారం. సాయంత్రం 6

గుండె గుభేలుమంది. అక్షరాలు చూడు ఎలా వంకరపోతున్నాయో.

బడి అవ్వగానే లైబ్రరీకి పరిగెత్తాను. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టాను. ఒకే పబ్లిషర్, ఒకే సైజు, ఒకే అక్షరాలు, రెండూ నూట నలభై నాలుగు పేజీలే. 'గోల్‌కీపర్' నూట ఇరవై ఎనిమిదో పేజీ చివర: "వాడు కళ్ళు మూసుకుని రెండు చేతులూ చాపాడు. చేతులకి తగిలింది". పక్క పేజీ మొదట్లో, "ఓ పాత టైపు మిషను. దాని వెనక అత్తయ్య."

మా అమ్మది బుక్‌బైండింగ్ దుకాణం. మా ఇంటి కిందే. నాకు ఊహ తెలిసినప్పట్నించీ జిగురు వాసనే. అందుకని ఆ తర్వాత ఎక్కడ చూడాలో నాకు తెలుసు. ప్రెస్సులో ఒక పెద్ద కాగితం మీద పదహారు పేజీలు అచ్చేసి మడతపెడతారు. దాన్ని ఫారం అంటారు. ప్రతి ఫారం మొదటి పేజీ అడుగున చీమంత అక్షరాల్లో ఏ పుస్తకమో, ఎన్నో ఫారమో గుర్తు వేస్తారు. మామూలువాళ్ళు దాన్ని చూడనే చూడరు. 'మూడో అంతస్తు తాళం' నూట ఇరవై తొమ్మిదో పేజీ అడుగున ఉండాల్సింది మూ–9. ఉన్నది గో–9.

గోల్‌కీపర్‌లో మూ–9.

బైండింగులో తారుమారు! ధైర్యమైన క్లైమాక్స్ కాదు, ఫీలింగ్ కాదు, నా తలకాయ కాదు. ఏ దద్దమ్మ కుట్టిందో గుర్తేమైనా ఉంటుందేమోనని వెనకట్ట మూల కాగితం కొంచెం లేపి చూశాను.

అక్కడ పెన్సిల్‌తో చిన్న నక్షత్రం ఉంది. రెండింటిలోనూ.

ఆ నక్షత్రం నాది. రెండేళ్ళ కిందట సెలవుల్లో లైబ్రరీ నించి చిరిగిన పుస్తకాలు మా దుకాణానికి బైండింగుకి వచ్చాయి. ఫారాలు వరసగా పేర్చే పని అమ్మ నాకిచ్చింది. నా మొదటి పని కదా అని ఎవరికీ కనబడకుండా నక్షత్రాలు పెట్టుకున్నాను. పేజీ నంబర్లు చూడొద్దు, అడుగున గుర్తు చూడు అని అమ్మ చెప్పింది. చెప్పిందని ఇప్పుడు గుర్తొస్తోంది. అప్పుడు నా ఒళ్ళో ఇంకేదో నవల ఉంది, ఓ కన్ను దాని మీదే. నూట ఇరవై ఎనిమిది తర్వాత నూట ఇరవై తొమ్మిది. కరెక్టే కదా?

అంటే ఆ దద్దమ్మ నేనే. తారుమారు చేసింది నేనే, చదివి ఆహా ఓహో అన్నదీ నేనే, పదకొండుమంది చేత అనిపించిందీ నేనే, ఉన్నది ఉన్నట్టు చెప్పిన ఒక్క పిల్ల నోరు మూయించిందీ నేనే.

జూన్ 15, గురువారం

లెక్కల పరీక్ష. రాయలేకపోయాను. ప్రతి నంబరూ నూట ఇరవై తొమ్మిదిలా కనబడింది.

జూన్ 17, శనివారం

ఇవాళ మామూలు శనివారం మీటింగులో తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఆంటీ అందరి ముందూ నా భుజం మీద చెయ్యి వేసి, ఇరవై నాలుగున ఆ క్లైమాక్స్ పైకి చదివి వినిపించమంది. లిస్ట్ ఇక నీదే అన్నట్టు కన్ను కూడా గీటింది. వారం కిందటైతే ఎగిరి గంతేసేదాన్ని.

హాఫ్‌టికెట్ వచ్చింది. చీటీ రాయలేదు. పుస్తకం తీసింది, చివరి పేజీ చదివింది, తిరిగి పెట్టింది, ఇంకోటి తీసింది. పాపం, అలా పదిహేను పుస్తకాలు.

రెండు పుస్తకాలూ నా కార్డు మీద తెచ్చేశాను. ప్లాన్ ఏంటంటే రేపు మధ్యాహ్నం అమ్మ కునుకు తీసేటప్పుడు కుట్లు విప్పి, ఫారాలు మార్చి, మళ్ళీ కుట్టేస్తా. సోమవారం తిరిగి ఇచ్చేస్తా. పిల్లలెవరూ ఒకసారి చదివిన పుస్తకం మళ్ళీ ముట్టుకోరు. నేను ఇంకో చీటీ ఎంచుకుంటా. పరువూ దక్కుతుంది, లిస్టూ దక్కుతుంది.

జూన్ 18, ఆదివారం. సాయంత్రం 4

ప్లాన్ మట్టిగొట్టుకుపోయింది.

కుట్లు విప్పడం అయింది. బల్ల మీద ఫారాలన్నీ పరిచి ఉన్నాయి. వెనక అమ్మ. ఆదివారం నిద్రలో కూడా కత్తెర చప్పుడు వినిపిస్తుందా ఈవిడకి? లైబ్రరీ పుస్తకాలు రసీదు లేకుండా దుకాణంలోకి ఎలా వచ్చాయని అడిగింది. మొత్తం కక్కేశాను. నక్షత్రాలతో సహా.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. రెండు నూట ఇరవై తొమ్మిదులూ పట్టుకుని కిటికీ దగ్గరికెళ్ళి చూసింది. తన దుకాణం నించి తప్పు బైండింగు బయటికెళ్ళి రెండేళ్ళయింది, కూతురు పేర్చింది కదా అని తను చూసుకోలేదు, ముందు తనకి సిగ్గేస్తోంది అంది. నాకు ఏడుపొచ్చేసింది. ఏడవకు, కాగితాల మీద పడుతుంది అని పక్కకి జరిపింది. పుస్తకాలు గంటలో బాగు చెయ్యొచ్చు, ఎదురింటి పిల్లకి ఏం చెప్తావో నాకు తెలీదు, అది బైండింగు పని కాదు అని లోపలికెళ్ళిపోయింది.

సరిగ్గా అప్పుడే హాఫ్‌టికెట్ ఊడిపడింది. మా దుకాణంలో అంచులు కోసిన కాగితపు ముక్కలు అమ్మ దానికి దాచిపెడుతుందట. దాని చీటీలన్నీ వాటితోనే. ఇన్నాళ్ళూ నాకు తెలీనే తెలీదు. వారం నించి చీటీలు రాయనివ్వట్లేదు కదా, మరి ముక్కలెందుకని అడిగాను. రాసి ఇంట్లో పెట్టుకుంటోందట.

బల్ల మీద విప్పిన ఫారాలు చూసింది. అలవాటు ప్రకారం రెండింటి చివరి పేజీలు ముందు చూసింది. తర్వాత మొదళ్ళు చూసింది. ఓహో అంది. అంతే! నేను చెప్పానా అక్కా అని ఒక్క మాట అంటే ఈ పిల్ల సొమ్మేం పోయింది? అనలేదు. నా చీటీ ఇప్పుడు అంటిస్తావా అని మాత్రం అడిగింది.

ఇరవై నాలుగున అందరికీ చెప్తాను, అప్పటిదాకా ఎవరితోనూ అనకు అని బతిమాలాను. నా నోరు నా చేతిలో లేకుండా అలా అనేసింది. దానికి అది, చివర్లో ఏమవుతుందో ఎవరికీ చెప్పను, అది నా రూలు అంది. ముక్కలు జేబులో కుక్కుకుని వెళ్ళిపోయింది.

జూన్ 20, మంగళవారం

నేను నోరు విప్పకపోతే ఎవరికీ తెలీదు. అమ్మ చెప్పదు, హాఫ్‌టికెట్ అసలు చెప్పదు. అదే వచ్చిన చిక్కు.

జూన్ 23, శుక్రవారం

పద్దెనిమిది పుస్తకాల లిస్ట్ ఇంకోసారి చదువుకున్నాను. అందులో ఒక్కదాంట్లోనూ కుందేలు లేదు. ఎంత మంచి లిస్టో.

జూన్ 24, శనివారం. సాయంత్రం 7

అయిపోయింది. అన్నీ వరసగా రాస్తా, లేకపోతే మర్చిపోతాను.

గది నిండా జనం. కుర్చీలు చాలక నాన్నలు బీరువాలకి ఆనుకుని నిలబడ్డారు. మా అమ్మ వెనక వరసలో, చేతికి జిగురుతోనే వచ్చింది. ముందు సూపర్‌గాడు మాట్లాడాడు. ఐదు నిమిషాలిస్తే ఐదు సెకన్లు వాడుకున్నాడు. రుమాలు మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడ్చేసింది. తర్వాత నేను.

సంచీలోంచి రెండు పుస్తకాలు తీశాను. అట్టల్లేకుండా, విప్పిన ఫారాలతో. ఆంటీ మొహం పాలిపోయింది, పుస్తకాలు చింపేశాననుకుంది పాపం. బోర్డు మీదున్న నా చీటీ పైకి చదివాను. "అర్థం కాకపోతే మళ్ళీ చదవండి" అన్న ముక్క కూడా వదల్లేదు. ఆ తర్వాత గో–9 తీసి చూపించాను. మూ–9 చూపించాను. ఏది దేని వెనక ఉండాలో చెప్పాను. ఎవరు తారుమారు చేశారో చెప్పాను.

రుమాలు మెల్లిగా, అయితే నేను ఎవరి కోసం ఏడ్చినట్టు అని అడిగింది. అప్పుడు పేలిందమ్మా నవ్వు. ఆంటీ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నాన్నలు బీరువాలు పట్టుకుని నవ్వారు. నేను కూడా నవ్వాలని చూశాను, రాలేదు, ఎందుకంటే అసలు ముక్క ఇంకా మిగిలే ఉంది.

డైరీలోంచి ఆ సన్నని చీటీ తీసి చదివాను. "దీని చివర దీనిది కాదు. మోసం." చెప్పాను, ఈ పుస్తకాన్ని ఇంతమందిమి చదివాం కానీ అందులో ఏముందో చూసింది హాఫ్‌టికెట్ ఒక్కతే, మిగతా అందరం నా చీటీ చదివాం, నేనైతే నా తెలివి చదువుకున్నాను. దాని చీటీ అంటించకుండా ఆపింది నేనే, అది తప్పు, ఆ రూలు కొట్టేస్తున్నాను అన్నాను. అందరి ముందూ ఆ పిల్లకి సారీ చెప్పాను. అది బల్ల కిందనించి బయటికొచ్చి, పర్లేదక్కా, బంతి దగ్గర నాకూ కొంచెం ఫీలింగ్ వచ్చింది అంది.

చప్పట్లు కొట్టారు. నాకు కాదు, దానికి. కొట్టాల్సిందే.

తర్వాత ఆంటీ లిస్ట్ ఎవరిదో చెప్పింది. హాఫ్‌టికెట్‌ది.

నిజం రాస్తున్నా. కడుపు మండిపోయింది. ఒప్పేసుకున్నందుకు చివరి నిమిషంలో నాకే ఇస్తారని లోపల ఓ మూల ఆశ ఉంది. నవలల్లో అలాగే ఇస్తారు కదా. ఇంటికొస్తూ దారిలో అమ్మ జిగురు చెయ్యి నా నెత్తిన పెట్టింది. జుట్టు అంటుకుపోయింది.

జూన్ 25, ఆదివారం

పొద్దున్నే తలుపు కొట్టారు. హాఫ్‌టికెట్, చేతిలో కొత్త పుస్తకాల కేటలాగు. ఇరవై పుస్తకాలు ఎంచాలంటే చివరి పేజీలన్నీ తను చదివేస్తుందట కానీ మొదటి పేజీలంటే దానికి బోరట. మొదళ్ళు చదవడానికి మనిషి కావాలట. అక్కా నువ్వు ఖాళీయేనా అంది. ఖాళీయేనా! చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా వెళ్ళిపోయాను.

పుస్తకాల షాపులో మూడు గంటలు కూర్చున్నాం. నేను మొదటినించి, అది చివరినించి. ఇద్దరికీ నచ్చితేనే లిస్ట్‌లోకి. షాపాయన మమ్మల్ని చూసి బెదిరిపోయాడు. పది మా వయసువి, పది చిన్నపిల్లలవి అని ఒప్పందం. ఒక కుందేలు పుస్తకం పెట్టాల్సొచ్చింది. ఆ కుందేలు ఎవరికీ బుద్ధులు చెప్పదు, దొంగతనాలు చేసుకుంటూ హాయిగా బతుకుతుంది. నాకు నచ్చిందని ఎవరికీ చెప్పకూడదు.

జూన్ 27, మంగళవారం

ఆ రెండు పుస్తకాల్నీ తారుమారుగానే ఉంచుదామని పిల్లలంతా ఓటేశారు. ఆంటీ కూడా ఊగిసలాడింది. మా అమ్మ ఒప్పుకోలేదు. తన దుకాణంలో తప్పు కుట్టినవి తెలిసి కూడా వదలదట. నువ్వే విప్పావు, నువ్వే కుట్టు అంది. గుర్తులు చూసి పేర్చాను. మూడుసార్లు.

అసలు క్లైమాక్స్ ఇప్పుడు చదివాను. అత్తయ్య గదిలో కూర్చుని దొంగచాటుగా నవల టైపు చేసుకుంటోందట. ఏడు మార్కులు. నాది కాస్త నయం.

జూన్ 28, బుధవారం

రెండు పుస్తకాలూ బరువు కింద పెట్టాం. జిగురు ఆరాలి. రేపటిదాకా ముట్టుకోవద్దని అమ్మ ఆర్డర్. చేతులు అంటుకుంటున్నాయి, ఇంతకంటే రాయలేను.

(ఇక్కడొక సన్నని కాగితం ముక్క అంటించి ఉంది. పెన్సిల్ రాత.)

అక్కా, నీ డైరీ దుకాణంలో మర్చిపోయావు. చివరి పేజీ ఒక్కటే చదివా, ఒట్టు. జిగురు గురించి ఉంది. బానే ఉంది కానీ నేను లేను. ముందు పేజీల్లో ఉన్నానా? ఉంటే మొదటినించి చదువుతా.
– హాఫ్‌టికెట్